నాగపూరుకి బాకీపడ్డ శెట్టెమ్మ

ముందు పోయినవి రాస్తాను. మట్టి శెట్టెమ్మ ఒకటి, నూట పది రూపాయలు. మట్టి శెట్టి ఒకడు, అతనూ నూట పదే. కొరియరుకి అరవై ఆరు ఒకసారి, ఎనభై నాలుగు రెండుసార్లు, వెరసి రెండువందల ముప్పై నాలుగు. ఇంటర్నెట్ సెంటరులో పదకొండు అరగంటలు, అరగంటకి ముప్పై చొప్పున మూడువందల ముప్పై. మొత్తం ఏడువందల ఎనభై నాలుగు. ఇందులోంచి నా తెలివివల్ల మిగిలిన పద్దెనిమిది రూపాయలు తీసేయాలి. నికరంగా పోయింది ఏడువందల అరవై ఆరు.

ఆ పద్దెనిమిది మిగల్చకుండా ఉంటే మిగతావేవీ పోయేవి కావు. ఈ సంగతి ఏ గడిలో రాయాలో మాత్రం నాకు తెలియలేదు.

మద్రాసు పేరు చెన్నైగా మారి రెండు మూడేళ్లయిన రోజులవి. జార్జిటౌనులో ఒక టోకు అంగట్లో నేను లెక్కలు రాసేవాణ్ణి. ఏడాది పొడుగునా ఇత్తడి సామాన్లు, పూజా సామాన్లు. నవరాత్రికి ముందు రెండు నెలలు కొలువు బొమ్మలు. నా చదువు పదో తరగతి దగ్గర ఆగింది. కూడికలు, తీసివేతలు బళ్లో చెప్పారు. వడ్డీలు, శాతాలు, సగటులు మాత్రం బస్సు టికెట్ల వెనక నాకు నేనే నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎవరూ నేర్పలేదు కాబట్టి ఎవరూ తప్పు పట్టలేరనుకుంటాడు. నాకు అది బాగా ముదిరింది.

అంగడి యజమానిని మేమంతా మొదలాళి అనేవాళ్లం. మూడు తరాలుగా ఆ వీధిలోనే ఉన్న తెలుగు శెట్టి. సరుకు కట్టే పెద్దాయన వ్యాసర్పాడి నుంచి సైకిలు మీద వచ్చేవాడు, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నన్ను కణక్కుపిళ్ళా అని పిలిచేవాడు. లెక్కలు రాసేవాడని అర్థం. ఆయన నోట్లో అది కొన్నాళ్లు గౌరవంగా, చాలానాళ్లు ఇంకో రకంగా వినిపించేది.

ఇంటర్నెట్లో బొమ్మలు అమ్ముదామన్న ఆలోచన నాదే. కోడంబాక్కంలో సినిమా పోస్టర్లకి అక్షరాలు రాసే ఒకాయన, కొత్తగా కంప్యూటరు నేర్చుకుని, రెండు ఇత్తడి దీపాలు తీసుకుని మాకొక పేజీ తయారుచేసి పెడతానన్నాడు. నెలకి పది జతలు అమ్మితే ఎంత, ఇరవై అమ్మితే ఎంత అని నేను రెండు కాగితాల నిండా లెక్క వేసి మొదలాళి ముందు పెట్టాను.

ఆయన కాగితాలు చూడలేదు. "ఏమయ్యా, మట్టి బొమ్మంటే వేలితో తట్టి, సద్దు విని కొంటారు గదా. కంప్యూటర్ని తట్టి ఎవురు కొంటారయా?" అన్నాడు.

"అయ్యా, కాలం మారతా ఉండాది."

"మారనీ. దీపాలు రెండూ పాత స్టాకులోంచి ఇయ్యి."

పేజీ మీద ఒక్క ఫొటోయే పట్టింది. శెట్టి, శెట్టెమ్మల జత. కొలువు పెట్టే ఇళ్లలో వాళ్లు కింది మెట్టు మీద కూర్చుంటారు. ఇద్దరికీ మంచి పొట్టలు. ఆయనకి మీసాలు, ఆమెకి ముక్కుపుడక. వాళ్ల ముందు చిన్న చిన్న గిన్నెల్లో బియ్యం, పప్పులు, పసుపుకొమ్ములు పోసి అంగడిలాగా అమరుస్తారు. జత రెండువందల ఇరవై. మేం వాటిని కొసపేటలో బొమ్మలు చేసే ఒకాయన దగ్గర కొనేవాళ్లం.

వారానికి రెండుసార్లు రెండు వీధుల అవతల ఉన్న సెంటరుకి వెళ్లి ఉత్తరాలు చూసేవాణ్ణి. మొదటి నెలలో మూడు వచ్చాయి. ఒకటి మమ్మల్నే ఏదో కొనమంది. ఒకటి ఎవరికో రాయబోయి మాకు రాసింది. మూడోది నాగపూరు రైల్వే క్వార్టర్స్ నుంచి, ఒకావిడ తన భర్త ఆఫీసు కంప్యూటరులో రాసింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. వాళ్లమ్మ పుట్టి పెరిగింది మన వాషర్‌మన్‌పేటలోనట. అయిదేళ్లుగా కూతురి దగ్గర ఉంటోంది. చూపు తగ్గిపోతోంది, వచ్చే ఏటికి మనుషులు కూడా ఆనరేమో అని డాక్టరు చెప్పాడు. ఈ నవరాత్రికి మద్రాసు శెట్టి, శెట్టెమ్మలతో కొలువు పెట్టి ఆమెకు చూపించాలి. కొరియరుతో కలిపి ఎంత పంపమంటారు?

ఈ ఉత్తరంలో నేను చూసింది చివరి వాక్యం ఒక్కటే. మిగతాది లెక్కకు సంబంధించింది కాదు.

జతను పెట్టెలో గడ్డితో కట్టిస్తే మూడు కిలోల నూట యాభై గ్రాములు తూగింది. కొరియరువాళ్లకి మొదటి అరకిలోకి ముప్పై, ఆపైన ప్రతి అరకిలోకి పద్దెనిమిది. మూడు కిలోలు దాటితే నూట ముప్పై ఎనిమిది. ఆ ప్రకారమే రాశాను. ఆమె మూడువందల యాభై ఎనిమిదికి డ్రాఫ్టు పంపింది. పంపే రోజున పెట్టె మళ్లీ తూకం వేశాక నాకొక సంగతి తోచింది. నూట అరవై గ్రాములు తగ్గిస్తే పెట్టె మూడు కిలోల లోపు వస్తుంది. పద్దెనిమిది రూపాయలు మిగులుతాయి. బొమ్మల్ని తగ్గించలేం, పెట్టెను తగ్గించలేం. తగ్గేది గడ్డి ఒక్కటే.

"గడ్డి తీసేది లేదు కణక్కుపిళ్ళా," అన్నాడు పెద్దాయన. "అది తూకానికి ఏసింది కాదు."

"నాలుగు పిడికిళ్లు తీస్తే ఏమవుతాది?"

"ఏమవుతాదో గడ్డికి తెలుసు. నీకు తెలీదు."

"అంత గడ్డి రైల్లో నాగపూరు దాకా పోయి ఏం చేస్తాది చెప్పు? ఆడ ఆవులుండాయా?"

నా హాస్యానికి నేనే నవ్వుకుని, మూత తీసి పైనున్న గడ్డి నా చేత్తోనే తీశాను. రెండు కిలోల తొమ్మిదివందల తొంభై. ఇంతటి ఖచ్చితమైన పెట్టె ఆ అంగట్లోంచి అంతకుముందు వెళ్లి ఉండదు. నూట ఇరవై కట్టి, పద్దెనిమిది రూపాయలు అంగడి లాభంలో వేసి, ఆ అంకె కింద చిన్న గీత కూడా గీశాను.

తొమ్మిదో రోజున ఫిర్యాదు వచ్చింది. శెట్టి క్షేమం. శెట్టెమ్మ మెడ దగ్గర విరిగింది. తల పెట్టెలో ఒక మూలకి దొర్లి ఉంది. కింద గడ్డి బాగానే ఉంది, పైన మాత్రం లేదు, మీ వాళ్లు మరిచిపోయారేమో అని రాసింది. కోపంగా ఒక్క మాట లేదు. నవరాత్రికి ఇంకా పదకొండు రోజులుంది, అమ్మకింకా చెప్పలేదు, ఏదైనా చేయగలరా అని అడిగింది.

నేను మొదట చేసింది కొరియరు ఆఫీసుకి వెళ్లి గట్టిగా మాట్లాడటం. కౌంటరు దగ్గరున్నాయన నా మాటలన్నీ ఓపిగ్గా విని, రసీదు తిప్పి, వెనక వైపు వేలు పెట్టి చూపించాడు. గాజు, మట్టి, పింగాణీ పగిలితే వాళ్లకి బాధ్యత లేదు. కింద సంతకం నాది. రసీదు ముందు వైపున్న అంకెలు మూడుసార్లు సరిచూసుకున్నవాణ్ణి, వెనక వైపు అంకెలు లేవని చదవలేదు.

రెండో పని జవాబు రాయడం. అరగంటకి డబ్బు కట్టి కూర్చున్నాను కాబట్టి ముందే కాగితం మీద చిత్తు రాసుకుని వెళ్లాను. ఇప్పటికీ ఆ కాగితం నా దగ్గర ఉంది. "అమ్మా, మీరు కొన్న శాల్తీలు రెండు. అందులో ఒకటి బాగున్నది. కనుక నష్టం యాభై శాతం. జత ఖరీదులో సగం, నూట పది రూపాయలు, తిరిగి పంపడానికి సిద్ధంగా ఉన్నాము." చాలా ధర్మంగా రాశాననుకున్నాను. యాభై శాతం అన్న మాట దగ్గర కాస్త గర్వం కూడా కలిగింది.

మర్నాడే జవాబొచ్చింది. "సగం జత అని ఎక్కడైనా ఉంటుందా అండీ? శెట్టెమ్మ లేకుండా శెట్టిని కూర్చోబెడితే, పాపం ఆమెకేమైందని అమ్మ అడుగుతుంది. మాకు డబ్బు వద్దు. శెట్టెమ్మ కావాలి. అమ్మకు చూపున్నప్పుడే కావాలి."

అప్పుడు మొదటి ఉత్తరం మళ్లీ తీయించి, దాటేసిన వాక్యాలు చదివాను. చదివాక ఇంటికి నడిచి వెళ్లాను. బస్సు డబ్బులు మిగిలాయి గాని ఆరోజు వాటిని ఎక్కడా రాయలేదు.

మర్నాడు స్టాకు పుస్తకం తెరిచాను. మా పుస్తకంలో ప్రతి బొమ్మా ఒక శాల్తీ. జతలో ఉన్నా విడిగా ఉన్నా, దేవుడైనా మనిషైనా, ఒకటి అంటే ఒకటి. ఆ పద్ధతి పెట్టింది నేనే. "శెట్టి జత బొమ్మలు" అన్న చోట ఆ ఏటి జతలన్నీ అమ్ముడుపోయి, కిందటేడు నుంచి తెచ్చిన నిలవ, శాల్తీ ఒకటి అని ఉంది. కిందటేడు ఎవరో కొనబోయి జారవిడిస్తే జతలో ఒకటి పగిలింది. రెండోది గడ్డి చుట్టి, పేపరు చుట్టి, పురికొస కట్టి అటక మీద పెట్టించాం. కావలసింది ఒక బొమ్మ, ఉన్నది ఒక బొమ్మ. లెక్క ఇంత అందంగా కుదరడం చూసి మనసు తేలికపడింది.

పెద్దాయన నిచ్చెనెక్కి దాన్ని దించాడు. దుమ్ము దులిపి, "విప్పి చూద్దాం," అన్నాడు.

"ఎందుకు? కట్టినది కట్టినట్టే ఉండాది గదా. విప్పితే మళ్లీ కట్టాల."

"కట్టేది నేను గదా. నీకేమి నొప్పి?"

"పుస్తకంలో రాసుండాది మామా. ఒకటి."

"ఒకటి సరి. ఏది?"

ఆ ప్రశ్న ఆయన అంత స్పష్టంగా అడిగాడు. నేను విన్నాను కూడా. కానీ అప్పటికి పెట్టె మీద చిరునామా రాయడం మొదలుపెట్టాను. నవరాత్రికి తొమ్మిది రోజులుంది, ఆ సాయంత్రం బండి తప్పితే ఇంకో రోజు పోతుంది. పాత కట్టు మీదే కొత్త గడ్డి వేయించాను. ఈసారి గడ్డికి అడ్డం రాలేదు. కిలోన్నర తూగింది. అరవై ఆరు రూపాయలు అంగడి ఖాతాలోంచి కట్టి, పెట్టె వెంట కొరియరు ఆఫీసు దాకా నేనే వెళ్లాను. జాగ్రత్తకి మారుపేరు నేనే అన్నట్టు నడిచాను.

నవరాత్రి రెండో రోజున ఉత్తరం వచ్చింది. నేను దాన్ని తెరిచే ముందు కుర్చీ సర్దుకుని కూర్చున్నాను, కృతజ్ఞతలు చదవడానికి.

పెట్టె సమయానికే అందిందట. ఎక్కడా చిన్న పగులు కూడా లేదట. కొలువు మొదలయ్యే సాయంత్రం వాళ్లమ్మను కింది మెట్టు ముందు పీట మీద కూర్చోబెట్టి, దీపం దగ్గరికి జరిపి, కొత్త బొమ్మ కట్టు ఆమె చేతే విప్పించారట. ఆశ్చర్యపరుద్దామని కూతురు ముందు విప్పి చూడలేదు. పెద్దావిడ బొమ్మను దీపానికి దగ్గరగా పట్టుకుని చూసింది. సరిగ్గా ఆనలేదు. వేళ్లతో మొహం తడిమింది. ముక్కుపుడక కోసం వెతికింది. ముక్కు కింద ఇంకేదో తగిలింది.

"ఏమ్మే, ఈడిక్కూడా మీసాలుండాయే," అన్నదట. "ఆడ ఆడోళ్లెవురూ లేరా, ఇద్దురు మొగోళ్లే అంగడి పెట్టుకున్నారా?"

కూతురు కంప్యూటరులో ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాసింది. నేను అరగంటలో మిగిలిన పద్దెనిమిది నిమిషాలూ ఆ తెర ముందు ఊరికే కూర్చున్నాను. నిమిషానికి రూపాయి చొప్పున పద్దెనిమిది రూపాయలు. కావాలని వేసిన లెక్క కాదది, దానంతటదే పడింది.

అంగడికి వచ్చి చెప్పక తప్పలేదు. మొదలాళి భోజనం చేసి తాంబూలం వేసుకుంటున్నాడు. మొత్తం విన్నాడు.

"అంటే ఏమయ్యా, మా ఆవిడ మెడ ఇరగ్గొట్టి, బదులుకి నన్నే ఇంకొకసారి పంపించినావా?"

"పుస్తకంలో శాల్తీ ఒకటి అని ఉండాదయ్యా."

"పుస్తకానికి మీసాలుంటాయా?"

పెద్దాయన గడ్డి పేనుతూ తల ఎత్తకుండా అన్నాడు. "నేను అడిగినా సామీ. ఏది అని. కణక్కుపిళ్ళకి ఒకటంటే చాలు."

ఆ రాత్రి ఇంట్లో సంగతి చెబితే మా ఆవిడ చాలాసేపు నవ్వి, తర్వాత, "పాపం, ఆ పెద్దామె దీపం దగ్గర పెట్టుకుని చూసిందా?" అంది. నవ్వినప్పటికంటే అప్పుడు ఎక్కువ సిగ్గేసింది.

మర్నాడు నాగపూరుకి మూడో జవాబు రాశాను. ఈసారి చిత్తు రాసుకోలేదు. గడ్డి మీ వాళ్లు మరిచిపోయారేమో అన్నారు, ఎవరూ మరవలేదు, నేనే తీశాను. పెద్దాయన వద్దన్నాడు. మీరు కొరియరుకి నూట ముప్పై ఎనిమిది పంపారు, నేను నూట ఇరవై కట్టాను. ఆ పద్దెనిమిది మీవి. రెండోసారి కట్టు విప్పి చూద్దామన్నదీ ఆయనే, నేనే చూడనివ్వలేదు. ఇప్పుడు శెట్టెమ్మ ఎక్కడున్నా తెచ్చి పంపిస్తాను, కానీ నవరాత్రి ముగిసేలోపు చేరదు. ఇంతే రాశాను. ఎప్పుడూ ఉత్తరం చివర మొత్తం రాయడం నా అలవాటు. దీనికి రాయలేకపోయాను.

ఆమె జవాబు నాలుగు వరుసలు. "అమ్మ నవ్వి చాలా రోజులైంది. రోజూ వచ్చినవాళ్లందరికీ ఇద్దరు శెట్లను చూపించి, పార్ట్‌నర్లు అని చెబుతోంది. ఇప్పుడు తొందర లేదు, వచ్చే ఏడు పంపండి. కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మ పెట్టాలి కదా, శెట్టెమ్మనే పెడతాం. పద్దెనిమిది రూపాయలు కూడా పంపమని అమ్మ చెబుతోంది. మర్చిపోవద్దంటోంది."

మర్చిపోయే మనిషిని కాను. కొత్త పుస్తకంలో మొదటి పేజీలోనే రాసుకున్నాను.

మరుసటేడు నవరాత్రికి రెండు నెలల ముందే కొసపేటకి వెళ్లాను. శెట్టెమ్మ ఒక్కటే కావాలంటే బొమ్మలాయన చేతిలో కుంచె పక్కన పెట్టాడు.

"జత ఇడదీసి అమ్మేది లేదు సామీ. మా నాయన కూడా అమ్మలా."

"నీకు రావలసిన డబ్బు నీకొస్తాది గదప్పా."

"డబ్బు కాదు సామీ. ఈ మొగోణ్ణి ఎవురికి అమ్మేది?"

నిజమే. ఒంటరి శెట్టి ఒకడు అటక మీద ఉంటే ఏమవుతుందో నాకంటే తెలిసినవాళ్లు లేరు. రెండువందల నలభై నా జేబులోంచి ఇచ్చి జత కొన్నాను. అది నా ఇంటి ఖర్చు కాబట్టి పైన రాసిన నష్టాల్లో కలపలేదు. శెట్టిని మా ఇంట్లో పెట్టాను. శెట్టెమ్మను అంగడికి తెచ్చి, ముక్కుపుడక మొదలాళికి చూపించి, పెద్దాయనకి చూపించి, నేను మూడోసారి చూసి, అప్పుడు కట్టమన్నాను.

"గడ్డి ఎంత?" అన్నాడు పెద్దాయన.

"నీ ఇష్టం మామా."

"ఈ మాట నువ్వేనా చెప్పేది?"

కిలో ఆరువందల ఇరవై తూగింది. నూట ఇరవై గ్రాములు తీస్తే ఒక రేటు తగ్గుతుంది. చెయ్యి ముందుకు వెళ్లింది. ఆ చేతిని వెనక్కి లాగి జేబులో పెట్టుకున్నాను. గడ్డి మీద ఒక కవరులో పది నోటు, అయిదు నోటు, మూడు రూపాయి బిళ్లలు పెట్టాను. కొరియరులో డబ్బు పెట్టకూడదని రసీదు వెనక ఉంది. ఈసారి చదివే పెట్టాను. ఎనభై నాలుగు రూపాయలు. పంపుతున్నానని ఈమెయిలు కూడా రాశాను.

ఈమెయిలు వెంటనే తిరిగొచ్చింది, అలాంటి చిరునామా లేదని. పెట్టె మూడు వారాలకి తిరిగొచ్చింది. పైన హిందీలో, ఇంగ్లీషులో రాసి ఉంది. క్వార్టరు ఖాళీ, బదిలీ అయి వెళ్లారు. తిరుగు ఖర్చు ఇంకో ఎనభై నాలుగు. నాగపూరు రైల్వే ఆఫీసుకి రెండు ఉత్తరాలు రాశాను. ఏ విభాగమో రాయమని ఒక కార్డు వచ్చింది. అది నేను ఎన్నడూ అడిగి ఉండలేదు. ఆమె భర్త ఏ పని చేసేవాడో, వాళ్లను ఎక్కడికి మార్చారో, ఆ పెద్దావిడకి ఆ ఏడు ఎంతవరకు ఆనిందో నాకు తెలియలేదు. నా దగ్గరున్నవన్నీ బరువులూ రేట్లే.

పెట్టె విప్పి చూశాను. రానూ పోనూ రైల్లో వెళ్లొచ్చిన శెట్టెమ్మకి రంగు కూడా చెదరలేదు. పెద్దాయన మూత మూసి, పురికొస రెండు చుట్లు ఎక్కువే చుట్టాడు.

ఇప్పుడా అంగడి లేదు. ఏటా నవరాత్రికి మా ఇంట్లో శెట్టి ఒక్కడే కింది మెట్టు మీద కూర్చుంటాడు. "ఆమెను కూడా బయట పెట్టరాదా, పెట్టెలోనే ఉండాది గదా," అని మా ఆవిడ ఏటా అడుగుతుంది. పెట్టనివ్వను. ఆమె మా బొమ్మ కాదు. గడ్డి పాతబడితే మార్చి, కవరు తీసి లెక్కపెట్టి, మళ్లీ కట్టి బీరువా మీద పెడతాను. చూడ్డానికి వచ్చినవాళ్లు ఆవిడేదీ అని అడిగితే ఊరెళ్లింది అంటాను.

ఇది రాస్తూ మొదటి పేజీ మళ్లీ చూసుకుంటే ఒక తప్పు దొరికింది. నా తెలివివల్ల మిగిలిందని తీసేసిన పద్దెనిమిది నాది కాదు. దాన్ని తీయకూడదు. నష్టం ఏడువందల ఎనభై నాలుగే. అది దిద్దుతున్నాను.

ఇంకా ఇవ్వవలసింది: శెట్టెమ్మ ఒకటి, రూపాయలు పద్దెనిమిది.